కలుపు తీసే చదువు



గత నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి సముద్రాలు దాటి వచ్చింది. రాసిన సోదరి పుట్టిల్లు గుంటూరు వైపు. పదకొండేళ్ళుగా భర్తతో, ఇద్దరు పిల్లలతో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో కాపురం ఉంటున్నారు. ఆమె పెద్ద కుమారునికి పదమూడేళ్ళు. ఆ అబ్బాయి నెలకొక ఆదివారం ఇరుగుపొరుగు కుటుంబాలతో కలిసి, నగరానికి దక్షిణాన ఉన్న లామింగ్టన్ జాతీయ ఉద్యానవనం వైపు వెళ్ళి వస్తున్నాడు. ఉదయం నడక, పక్షులను చూడడం. ఆ తరువాత రెండు మూడు గంటలు అడవి అంచున కలుపు తీయడం, మొక్కలు నాటడం. సాయంత్రానికి బట్టలనిండా బురదతో, కాళ్ళమీద జలగ కాట్లతో ఇల్లు చేరుతున్నాడు.

ఇది తండ్రికి నచ్చలేదు. ఆయన అన్న మాటను ఆ సోదరి ఉన్నదున్నట్లు రాశారు: “మా అబ్బా పరాయి చేలలో కలుపు తీసి నన్ను చదివించాడు. నేను ఇంతదూరం వచ్చింది నా కొడుకు పరాయి అడవిలో కలుపు తీయడానికా?” అబ్బాయి మాత్రం ప్రతి నెలా “అమ్మీ, ఈ ఒక్కసారి” అని బతిమాలుతున్నాడట. “మౌలానా గారూ, పంపమంటారా, మాన్పించమంటారా? ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను” అని ఆమె ముగించారు.

ఆ తండ్రి మాటను తేలికగా తీసివేయలేకపోయాను. అందులో ఒక తరం చెమట ఉంది. అందుకే జవాబు రాయడానికి నెలరోజులు పట్టింది. ఆ అడవి ఎటువంటిదో, అక్కడ పిల్లలు చేస్తున్న పని ఏమిటో తెలుసుకోకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదనిపించింది. దొరికినంత చదివాను. ఆ వైపు స్థిరపడిన పూర్వ విద్యార్థులను అడిగాను. తెలుసుకున్నది ముందు మీతో పంచుకుంటాను.

లామింగ్టన్ ఉద్యానవనం బ్రిస్బేన్‌కు దక్షిణంగా, క్వీన్స్‌ల్యాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల సరిహద్దు కొండల మీద ఉంది. విస్తీర్ణం 20 వేల హెక్టార్లకు పైమాటే. 2 కోట్ల సంవత్సరాలకు పూర్వం అక్కడ ఒక మహా అగ్నిపర్వతం ఉండేది. అది కక్కిన లావా చల్లబడి, వానలకు కోసుకుపోయి, లోయలుగా, జలపాతాలుగా మిగిలింది. ఆ సారవంతమైన మట్టిమీద పెరిగినదే ఈ ఉప ఉష్ణమండల వర్షారణ్యం. పలకల్లా విప్పారిన వేళ్ళతో నిలబడిన మహావృక్షాలు, పక్షి విడిచిన గింజ కొమ్మమీద మొలిచి, వేళ్ళు కిందికి దించి, ఆధారమిచ్చిన చెట్టునే చుట్టి చంపే మర్రి జాతి చెట్లు, మానులమీద బుట్టల్లా వేలాడే ఫెర్నులు అక్కడ కనిపిస్తాయి. ఎత్తైన చల్లని శిఖరాలమీద అంటార్కిటిక్ బీచ్ అనే వృక్షాలు, పాత మొదళ్ళనుంచే మళ్ళీ మళ్ళీ చిగురిస్తూ, నాచు కప్పుకుని నిలిచి ఉన్నాయి.

ఈ కొండలతోపాటు ఆ ప్రాంతంలోని ఇతర వర్షారణ్యాలన్నింటినీ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 1986లో మొదటి గుర్తింపు వచ్చింది. 1994లో దాన్ని విస్తరించినప్పుడు లామింగ్టన్ చేరింది. ప్రపంచంలోని ఉప ఉష్ణమండల వర్షారణ్యాలలో ఇంత విస్తారమైనవి మరెక్కడా లేవు. వాటికి పెట్టిన పేరు వినండి: గోండ్వానా వర్షారణ్యాలు.

ఆ పేరు మనదే. గోండ్వానా అంటే గోండుల సీమ. మధ్య భారతం నుంచి మన ఆదిలాబాద్ వరకు ఉన్న గోండుల పేరుమీద, 19వ శతాబ్దంలో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలోని ఒక శాస్త్రవేత్త ఇక్కడి రాతిపొరలకు ఆ పేరు పెట్టాడు. భారతదేశం, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే భూఖండంగా ఉండేవని తెలిసిన తరువాత ఆ మహాఖండానికీ అదే పేరు స్థిరపడింది. మన సింగరేణి బొగ్గు ఆ గోండ్వానా పొరలలోనిదే. ఆ బొగ్గుపొరలలో కనిపించే ఒక ఆకు ముద్ర ఆస్ట్రేలియా బొగ్గుపొరలలోనూ కనిపిస్తుంది. రెండూ 25 కోట్ల ఏళ్ళకు పూర్వపు ఒకే జాతి చెట్లవి. కనుక ‘పరాయి అడవి’ అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించవలసిందిగా ఆ సోదరుణ్ణి వినయంగా కోరుతున్నాను.

ఇక ఆ అడవి ఎలా మిగిలింది? అక్కడి మూలవాసులైన యుగంబే ప్రజలు ఆ కొండలను వూనూంగూరా అంటారు. వేల ఏళ్ళుగా వారికది ఇల్లు. తెల్లవారు వచ్చిన తరువాత కలప కోసం, పశువుల మేత కోసం చుట్టుపక్కల అడవులు నేలకూలాయి. సరిహద్దుకు దక్షిణాన బిగ్ స్క్రబ్ అనే వర్షారణ్యం 75 వేల హెక్టార్లలో ఉండేది. నేడు అందులో నూటికి ఒక వంతు కూడా మిగలలేదు.

లామింగ్టన్‌కూ అదే గతి పట్టవలసింది. దాన్ని కాపాడాలని రాబర్ట్ కాలిన్స్ అనే పెద్దమనిషి ఏళ్ళతరబడి ప్రయత్నించి, ఫలితం చూడకుండానే 1913లో కన్నుమూశాడు. ఆ బాధ్యతను భుజానికెత్తుకున్నవాడు రోమియో లేహీ అనే యువకుడు. అతడు రంపపు మిల్లు యజమాని కొడుకు. చెట్లు నరికితే లాభపడే ఇంటిలో పుట్టినవాడు. అతడే చుట్టుపక్కల వారిని కలిసి, నచ్చజెప్పి, సంతకాలు సేకరించి ప్రభుత్వానికి విన్నవించాడు. 1915 జూలైలో ఆ కొండలు జాతీయ ఉద్యానవనమయ్యాయి. తరువాత 1930లో క్వీన్స్‌ల్యాండ్ జాతీయ ఉద్యానవనాల సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు కూడా అతడే. జనం నడిచి చూస్తేనే అడవిని ప్రేమిస్తారని, ప్రేమిస్తేనే కాపాడతారని ఆ సంఘంవారి నమ్మకం. లామింగ్టన్‌లోని నడక దారులు 1930లలో, ఉద్యోగాలు కరువైన రోజుల్లో, కూలీలు చేతి పనిముట్లతో తవ్వినవి. పెద్దవారు కూడా ఆయాసపడకుండా ఎక్కగలిగేలా వాటిని తక్కువ వాలుతో మలిచారు. నేడు అవి 150 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. ఇన్నేళ్ళు గడిచినా అదే దారుల్లో కుటుంబాలు కలిసి నడుస్తున్నాయి. మన సోదరి కుమారుడు నడుస్తున్నది ఆ దారుల్లోనే.

ఆ ఆదివారాలు ఎలా గడుస్తాయో నా పూర్వ విద్యార్థి ఒకరు వివరంగా చెప్పారు. అడవిలో అడుగుపెట్టే ముందు మొదటి పని చెప్పుల అడుగులు శుభ్రం చేసుకోవడం. బురదలో అంటుకున్న కలుపు గింజ గానీ, కంటికి కనపడని శిలీంధ్రం గానీ లోపలికి పోకూడదు. మర్టిల్ రస్ట్ అనే తుప్పు తెగులు 2010లో ఆ దేశంలో తొలిసారి కనిపించినప్పటినుంచి ఈ జాగ్రత్త మరీ పెరిగింది. నమాజుకు ముందు కాళ్ళు కడుక్కునే పిల్లలకు ఈ నియమం వింతగా అనిపించదు.

తరువాత మాటలు తగ్గించి నడక. లైర్‌బర్డ్ అనే పక్షి అడవిలోని ఇతర పక్షులెన్నింటి కూతలనో అనుకరిస్తుంది. వాటిలో ఆల్బర్ట్ లైర్‌బర్డ్ అనే జాతి ఈ సరిహద్దు కొండల చుట్టుపక్కల తప్ప భూమిమీద ఎక్కడా లేదు. బవర్‌బర్డ్ అనే మరో పక్షి ఉంది. మగ పక్షి పుల్లలతో పందిరి కట్టి, దానిముందు నీలిరంగు వస్తువులు ఏరి తెచ్చి పరుస్తుంది. ఈకలు, పూలతోపాటు నీలం రంగు ప్లాస్టిక్ సీసా మూతలు కూడా అక్కడ కనిపిస్తాయి. మనం పారవేసినవి ఎంతదూరం వెళతాయో చెప్పడానికి పిల్లలకు వేరే ఉపన్యాసం అవసరం లేదు.

పక్కనే ఉన్న స్ప్రింగ్‌బ్రుక్ ఉద్యానవనంలో ఒక గుహ ఉంది. రాత్రివేళ దాని పైకప్పు నక్షత్రాలు పొదిగినట్లు నీలికాంతితో మెరుస్తుంది. అది మన మిణుగురు పురుగు కాదు, దోమవంటి ఒక చిన్న కీటకపు పిల్లపురుగు. జిగురు దారాలు వేలాడదీసి, వెలుగుతో చిన్న పురుగులను ఆకర్షించి పట్టుకుంటుంది. చేతిదీపం వేస్తే ఆ వెలుగు ఆగిపోతుంది. అందుకే అక్కడ పెద్దలూ పిల్లలూ దీపాలార్పి, గుసగుసగా కూడా మాట్లాడకుండా నిలబడతారు. సెల్‌ఫోను వెలుగు లేకుండా పావుగంట నిలబడడం ఈ కాలపు పిల్లలకు చిన్న శిక్షణ కాదు.

ఇప్పుడు అసలు విషయానికి, కలుపు దగ్గరకు వద్దాం.

ఆ ప్రాంతంలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే సీతాకోకచిలుక ఉంది. రెక్కలు విప్పితే మన అరచేయంత వెడల్పు. మగదానికి నల్లని రెక్కలమీద పచ్చని మెరుపు. ఒకప్పుడు బ్రిస్బేన్ వీధులలోనే తిరిగేది. అడవిలో దాని పిల్లపురుగులు రెండు రకాల తీగల ఆకులు మాత్రమే తిని బ్రతుకుతాయి. వాటిలో కొండలమీద పెరిగే తీగకు శాస్త్రనామంలో లేహీ ఇంటిపేరే నిలిచింది. అడవులు నరికినకొద్దీ ఆ తీగలు పోయాయి, వాటితో సీతాకోకచిలుకలూ పోయాయి.

నష్టం అంతటితో ఆగలేదు. తోటల అందం కోసం దక్షిణ అమెరికా నుంచి డచ్‌మన్స్ పైప్ అనే మరో తీగను తెచ్చి పెంచారు. గొట్టంవంటి వింతైన పూలు దానివి. అదీ అడవి తీగ కుటుంబానిదే కనుక తల్లి సీతాకోకచిలుకకు దాని వాసన తన తీగ వాసనలాగే తోచింది. దానిమీదే గుడ్లు పెట్టింది. గుడ్లు పొదిగి బయటికి వచ్చిన పిల్లలు ఆ ఆకు కొరికి చచ్చిపోయాయి. తల్లి తప్పేమీ లేదు. తన పిల్లలకు మేలైనదే వెతికింది. చూడడానికి అచ్చం తనదిలాగే ఉన్నది విషమని దానికి తెలియదు.

1992 ప్రాంతంలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. శాస్త్రవేత్త డాన్ శాండ్స్, ఆయన సహచరులు ఈ పనిలో బడిపిల్లలను కలుపుకున్నారు. వందల బడులలో పిల్లలు అసలు తీగను నాటారు, డచ్‌మన్స్ పైప్‌ను గుర్తించి పీకివేశారు, ఎక్కడ సీతాకోకచిలుక కనిపించిందో రాసి పంపారు. 2005 నాటికి ఇది ఊరూరా మనుషులున్న ఒక సంరక్షణ బృందమైంది. విడివిడిగా మిగిలిన అడవి ముక్కలలోని సీతాకోకచిలుకలు తమలో తామే జతకట్టి క్షీణించిపోతాయి కనుక, ఒక ముక్కనుంచి మరో ముక్కకు అవి ఎగిరిపోయేలా మధ్యనున్న పెరళ్ళలో, వాగు గట్లమీద తీగలు నాటుకుంటూ పోతున్నారు. ఆ విషపు తీగను అమ్మడం ఇప్పుడు క్వీన్స్‌ల్యాండ్‌లో చట్టవిరుద్ధం.

అడవి అంచుల్లో మరో పెద్ద కలుపు లంటానా. మన దగ్గర కొందరు తలంబ్రాల మొక్క అంటారు. రంగురంగుల చిన్న పూల గుత్తులు, గరుకు ఆకులు, ఘాటైన వాసన. అదీ అమెరికా ఖండం నుంచి తోట మొక్కగా బయలుదేరింది. 19వ శతాబ్దంలో అటు ఆస్ట్రేలియాకూ, ఇటు భారతదేశానికీ చేరింది. నేడు అక్కడి వర్షారణ్యం అంచులనూ, ఇక్కడి నల్లమల, ఆదిలాబాద్ అడవులనూ అదే పొద కమ్ముకుంటోంది. అంటే ఆ అబ్బాయి పీకుతున్న మొక్క మన ఊరి శత్రువే.

కలుపు తీయడానికి వారు పాటించే పద్ధతి నన్ను ఎంతో ఆలోచింపజేసింది. సిడ్నీకి చెందిన బ్రాడ్లీ అక్కాచెల్లెళ్ళు, జోన్, ఐలీన్, 1960లలో తమ ఇంటి దగ్గరి అడవిలో నడుస్తూ, ఏళ్ళతరబడి కలుపు పీకుతూ కనుగొన్న పద్ధతి అది. మనమైతే కలుపు దట్టంగా ఉన్న చోటినుంచి మొదలుపెడతాం. వారు అడవి ఆరోగ్యంగా ఉన్న చోట, కలుపు ఒకటీ అరా ఉన్న చోట మొదలుపెట్టి, మెల్లగా చెడినవైపు జరుగుతారు. మట్టిని వీలైనంత తక్కువ కదిలిస్తారు. పీకిన చోట అడవి తనంతట తాను మొలిచేదాకా ఆగి, ఆ వేగానికి తగ్గట్లే ముందుకు పోతారు. తొందరపడి ఒక్కరోజులో అంతా నరికితే ఎండ తగిలిన ఖాళీ నేలలో రెట్టింపు కలుపు మొలుస్తుంది. లంటానా పొదలో చిన్న పక్షులు తలదాచుకుని ఉంటే, వాటికి వేరే నీడ పెరిగేవరకు ఆ పొదను విడతలవారీగానే తీస్తారు.

ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నవాణ్ణి. పిల్లవాడిలోని మంచిని పట్టుకుని అక్కడినుంచి చెడువైపు జరగాలన్న ఈ సంగతి నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఎందుకంటున్నానో చెబుతాను.

ఇరవై ఏళ్ళ క్రితం నా తరగతిలో పదేళ్ళ అబ్బాయి ఉండేవాడు. పాఠంలో వెనుకబడినవాడు. ఒకనాడు అరబీ వ్యాకరణం చెబుతుండగా వాడి టిఫిను డబ్బా చుట్టూ పిల్లలంతా మూగారు. లోపల గాడిదగడప ఆకులు, వాటిమీద ముదురు ఎరుపు రంగు గొంగళిపురుగులు, నడుముకు తెల్లని పట్టీ కట్టినట్లు. “ఉస్తాద్, ఇవి ఈ ఆకు తప్ప ఏదీ తినవెందుకు? వేప ఆకు పెట్టాను, జామ ఆకు పెట్టాను, ముట్టలేదు” అని అడిగాడు. నేను డబ్బా తీసుకుని కిటికీలోంచి బయటికి విసిరివేశాను. చెయ్యి చేసుకోలేదు గానీ, అందరిముందు వాణ్ణి చిన్నబుచ్చే మాట ఒకటి అన్నాను. ఆ తరువాత వాడు నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. మరుసటి సంవత్సరం చదువు మానివేశాడు. అందుకు కారణం ఆ ఒక్క రోజే అనను. కాదని కూడా అనలేను.

ఈ నెల ఆస్ట్రేలియా సీతాకోకచిలుక గురించి చదువుతుండగా ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు దొరికింది. గాడిదగడప, ఈశ్వరవేరు, అక్కడి అడవి తీగ, డచ్‌మన్స్ పైప్ అన్నీ ఒకే కుటుంబం. ఆ ఆకుల్లో చేదు విషం ఉంటుంది. కొన్ని జాతుల పురుగులకు మాత్రం అది ఆహారం. ఆ విషాన్ని అవి ఒంట్లో దాచుకుంటాయి. సీతాకోకచిలుకలయ్యాక కూడా పక్షులు వాటి జోలికి రావు. ఆ ఆకు వాటికి అన్నమూ, కవచమూ కూడా. అందుకే నాయనా, అవి వేప ఆకు ముట్టలేదు. నువ్వు పెట్టిన పరీక్ష సరైనదే. నిన్ను అదిలించిన నేనే పొరపాటు పడ్డాను. నువ్వు ఎక్కడున్నా నన్ను మన్నించు.

సోదరీ, ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. పంపండి. అయితే మీవారిని కాదని, ఆయనకు తెలియకుండా పంపవద్దు. ముందు ఈ మాటలు ఆయనకు చదివి వినిపించండి.

సోదరా, మీ అబ్బా తీసిన కలుపు ఆకలి కోసం తీసినది. ఆ పని చేయక తప్పని స్థితి మీ పిల్లలకు రాకూడదని మీరు కోరుకోవడం ధర్మమే. కానీ మీ అబ్బాయి చేస్తున్నది కూలి కాదు. నిన్నటివరకు చెట్టు పేరు తెలియని పిల్లవాడు ఏది ఉంచాలో, ఏది తీయాలో నేర్చుకుంటున్నాడు. భూమి మన చేతిలోని అమానతు అని మనం నోటితో చెప్పేదాన్ని వాడు చేతితో చేస్తున్నాడు. ఒక్క ఆదివారం మీరూ వెంట వెళ్ళండి. కొడవలి ఎలా పట్టాలో, వేరు తెగకుండా మొక్కను ఎలా లాగాలో అక్కడున్న చాలామందికంటే మీకే బాగా తెలిసి ఉంటుంది. మీ అబ్బా చేతి విద్యను ఆయన మనవడికి అందించే అవకాశం మీకు ఆ పరాయి దేశంలో దొరికింది. దాన్ని వదులుకోవద్దు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. పెద్దలు వెంటలేకుండా పిల్లలను పంపకూడదు. ఉద్యానవనం లోపల ఏ పని చేయాలన్నా అక్కడి అటవీ సిబ్బంది అనుమతి ఉండాలి. ఆకు, రాయి, ఈక ఏదీ ఇంటికి తెచ్చుకోకూడదు. పక్షులకు తినుబండారాలు వేయకూడదు. పూర్తి చేతుల చొక్కా, పొడవు పంట్లాము, టోపీ తప్పనిసరి. మన ఆడపిల్లల దుస్తులు ఈ విషయంలో అనుకూలమే. ఆ అడవిలో స్టింగింగ్ ట్రీ అనే చెట్టు ఉంది. వెడల్పాటి మెత్తని ఆకు చూసి ముట్టుకుంటే, దాని నూగు గుచ్చుకున్న నొప్పి రోజులు, వారాలు వేధిస్తుంది. దాని ముందు మన దురదగొండి ఏపాటిది! ఇంటికి వచ్చాక పిడుదులేమైనా పట్టాయేమో ఒళ్ళంతా చూసుకోవాలి. ఎండలు ముదిరి మంటల హెచ్చరిక ఉన్న రోజున వెళ్ళకూడదు. 2019 సెప్టెంబరులో ఆ కొండలకు కార్చిచ్చు అంటుకుని, 1933 నుంచి యాత్రికులకు ఆశ్రయమిచ్చిన బిన్నా బుర్రా వసతి గృహం కాలి బూడిదైంది. తడి అడవి కాలదన్న ధీమా ఇక ఎవరికీ లేదు. దాని అంచులను పచ్చగా ఉంచడం అందుకే మరింత అవసరమైంది.

ఇక్కడ ఉన్న మన పాఠకులకు లామింగ్టన్ దూరం కావచ్చు, మన పెరడు దూరం కాదు. ఈ నెల మీ పిల్లలతో కలిసి ఇంటి చుట్టూ, చేను గట్లమీద, ఖబరస్తాను ప్రహరీ పక్కన ఒకసారి నడవండి. లంటానా ఎక్కడుందో, గాడిదగడప ఎక్కడుందో చూపించండి. మొదటిది మొక్కగా ఉన్నప్పుడే తీసివేయండి. రెండవది నాలుగు మొక్కలైనా మిగల్చండి. దానిమీద గొంగళిపురుగు కనబడి మీ పిల్లవాడు డబ్బాలో పెట్టుకుని వస్తే, ముందు వాడు అడిగేది వినండి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, ఇద్దరూ కలిసి వెతకండి.

బ్రిస్బేన్ సోదరి మళ్ళీ ఉత్తరం రాస్తే, ఇన్షా అల్లాహ్, ఆ తండ్రీకొడుకుల ఆదివారం ఎలా గడిచిందో మీకు తప్పక తెలియజేస్తాను. వస్సలాం.